కొలతకూ కొలతకూ మధ్య

పుష్యమాసపు ఉదయాన లంబసింగిలో చలిమంట దగ్గర నిలబడి ఫోన్ తీస్తే, ఆ ఊరి ఉష్ణోగ్రత ఇంత అని ఒక అంకె కనిపిస్తుంది. ఆ అంకెను లంబసింగిలో ఎవరూ కొలిచి ఉండకపోవచ్చు. ఎక్కడెక్కడి థర్మామీటర్లో చెప్పిన అంకెలు తీసుకుని, వాటి మధ్య ఖాళీని లెక్కతో పూడిస్తే వచ్చినది అది. గణితంలో ఈ పూడికకు అంతర్వేశనం అని పేరు. టీవీ వార్తల్లో రాష్ట్రపటం మీద పరచుకునే ఎరుపు, పసుపు రంగుల్లో కొలిచినది పిసరంత, పూడ్చినది పటమంత.

పూడిక నమ్మదగ్గదిగా ఉండాలంటే ఎన్ని కేంద్రాలు కావాలి? ఈ ప్రశ్న చుట్టూ అరవై ఏళ్లకు పైగా పరిశోధన జరిగింది. సూటిగా ఒక సంఖ్య చెప్పినవాళ్లు ఎవరూ మిగల్లేదు. చదివిన మేరకు నాకు తోచింది ఇది: కేంద్రాలు ఎన్ని అనే లెక్క మొదటి కొంత దూరమే పనికొస్తుంది. ఆపైన అవి ఎక్కడ నిలబడ్డాయన్నది, మనం వాటిని ఏమడుగుతున్నామన్నది అసలు విషయం.

ముందు పద్ధతుల సంగతి, క్లుప్తంగా. 1911లో అమెరికా వాతావరణ ఉద్యోగి ఆల్ఫ్రెడ్ థీసెన్ చెప్పినది అన్నిటికన్నా మొరటు పద్ధతి: ఏ చోటికైనా దగ్గరి కేంద్రం అంకెనే అంటించెయ్యడం. ఆయన దాన్ని వాన కోసం చెప్పాడు. 1968లో హార్వర్డ్‌లో ఇంకా డిగ్రీ చదువుతున్న డొనాల్డ్ షెపర్డ్, దగ్గరివాడి మాటకు ఎక్కువ బరువు, దూరపువాడి మాటకు తక్కువ బరువు ఇచ్చే సూత్రం రాశాడు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో ఏ రాతిలో ఎంత బంగారం ఉందో అంచనా వేయడానికి డానీ క్రీగ 1951లో వాడిన ఆలోచనను ఫ్రాన్స్‌లో జార్జ్ మాథెరాన్ సిద్ధాంతంగా మలిచి, క్రీగ పేరుతోనే క్రిగింగ్ అన్నాడు. ఇంచుమించు అదే లెక్కను లెనిన్‌గ్రాడ్‌లో లెవ్ గాండిన్ వాతావరణ శాస్త్రం వైపునుంచి 1963లో పుస్తకంగా తెచ్చాడు. క్రిగింగ్‌లో ఇప్పటికీ ‘నగెట్’ అనే మాట వాడతారు; బంగారు ముద్ద అని దాని అర్థం. పక్కపక్కనే తీసిన రెండు రాతిముక్కల్లో ఒకదానిలో ముద్ద ఉండి రెండోదానిలో లేకపోవచ్చు. థర్మామీటర్లకూ అంతే: ఒకే ఊళ్లో రెండు పెడితే రెండూ ఒకే అంకె చెప్పవు.

ఈ పద్ధతుల్లో ఏది గొప్పదన్న పోటీ మీద బోలెడన్ని వ్యాసాలు వచ్చాయి. కేంద్రాలు దట్టంగా ఉన్నచోట పద్ధతుల మధ్య తేడా చాలావరకు కరిగిపోతుంది. పలచగా ఉన్నచోటే తేడాలు బయటపడతాయి. అక్కడ గెలిచేది తెలివైన సూత్రం కాదు, ఆ నేల గురించి ముందే ఎంతోకొంత తెలిసిన సూత్రం.

ఉష్ణోగ్రతకు వానతో పోలిస్తే ఒక మంచి గుణం ఉంది. వాన ఒక వీధిలో కురిసి పక్క వీధిలో కురవదు. ఎండ వేడి అలా కాదు. కర్నూలులో మామూలుకన్నా మూడు డిగ్రీలు ఎక్కువగా కాస్తున్న రోజున నంద్యాలలోనూ ఇంచుమించు అదే తీరు. భారత వాతావరణ శాఖ తయారుచేసిన రెండు దత్తాంశాలు పక్కపక్కన పెడితే ఈ తేడా అంకెల్లోనే కనిపిస్తుంది. 2009లో శ్రీవాస్తవ, రాజీవన్, క్షీర్‌సాగర్ దేశమంతటికీ రోజువారీ ఉష్ణోగ్రతల గళ్ల పటం చేసినప్పుడు వాడినవి 395 కేంద్రాలు. 2014లో పాయ్ బృందం వానకు అలాంటిదే చేసినప్పుడు వాడినవి 6955 వానమానులు. మొదటి పటంలో గడి ఒక డిగ్రీ, అంటే సుమారు 110 కిలోమీటర్లు. రెండోదానిలో పావు డిగ్రీ. వానమాని చవక, ఊరూరా పెట్టారు కాబట్టి అన్ని దొరికాయన్నదీ నిజమే. కానీ 395 కేంద్రాలతో వాన పటం గీస్తే ఎవరూ పట్టించుకోరు, ఉష్ణోగ్రత పటాన్ని మాత్రం దేశమంతా వాడుకుంది.

ఈ ‘మామూలుకన్నా మూడు డిగ్రీలు ఎక్కువ’ అనే మాటలోనే కిటుకంతా ఉంది. నాసాకు చెందిన జేమ్స్ హాన్సెన్, సెర్గెయ్ లెబెడెఫ్ 1987లో చూపించినది దీన్నే. ఒక కేంద్రంలో ఉష్ణోగ్రత దాని సగటునుంచి ఎంత తొలగిందో చూస్తే, ఆ తొలగింపు 1200 కిలోమీటర్ల దూరంలోని కేంద్రాలతో కూడా చెప్పుకోదగ్గ పొత్తు చూపుతుంది. భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ ఆ పొత్తు పలచబడుతుంది, అది వేరే మాట. అందుకే ప్రపంచమంతా ఎంత వేడెక్కిందో చెప్పడానికి కేంద్రాలు కొన్ని వేలు చాలు. కానీ తొలగింపు వేరు, అసలు అంకె వేరు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలోనూ నెల్లూరులోనూ వేసవి ఒకేలా పెరుగుతూ తరుగుతూ ఉండవచ్చు. ఎత్తున ఉన్న ఆరోగ్యవరం మాత్రం నెల్లూరు అంకె ఎప్పుడూ చెప్పదు. రెండు ప్రశ్నలకూ ఒకే సాంద్రత చాలుతుందనుకోవడం ఈ రంగంలో తరచు జరిగే పొరపాటు. వాతావరణ మార్పు మీద పేచీ పెట్టేవాళ్లు ‘ఇన్ని తక్కువ కేంద్రాలతో భూగోళం సంగతి ఎలా చెబుతారు’ అని అడుగుతారు. పంట బీమా కంపెనీలేమో ‘ఉన్న కేంద్రాలు చాలు’ అంటాయి. ఇద్దరూ రెండు ప్రశ్నలను కలగాపులగం చేస్తున్నారు, ఎదురెదురు దిక్కుల్లో.

ఇక సాంద్రత లెక్క. తెలంగాణ విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు. వాతావరణ శాఖ పాతకాలపు పరిశీలన కేంద్రాలు, ఆదిలాబాద్, నిజామాబాద్, రామగుండం, హన్మకొండ, బేగంపేట, మెదక్, నల్గొండ, ఖమ్మం, భద్రాచలం, మహబూబ్‌నగర్ వంటివి, పది అనుకుందాం. ఒక్కో కేంద్రం వాటాకు పదకొండు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కేంద్రానికీ కేంద్రానికీ సుమారు 105 కిలోమీటర్ల ఎడం. ఒక డిగ్రీ గళ్ల పటంలోనైతే తెలంగాణ మొత్తం విస్తీర్ణం ఇంచుమించు పది గళ్లంత. ఆ తర్వాత రాష్ట్ర ప్రణాళికా సంస్థ ఆటోమేటిక్ వెదర్ స్టేషన్లను వెయ్యికి పైగా నిలబెట్టింది. పదినుంచి వెయ్యికి, నూరు రెట్లు. ఎడం మాత్రం 105నుంచి పదిన్నర కిలోమీటర్లకు, పది రెట్లే తగ్గింది. దూరం సాంద్రత వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి, ఎడాన్ని ఇంకా సగం చెయ్యాలంటే నాలుగు వేల కేంద్రాలు కావాలి. ఖర్చు నాలుగింతలు, ఫలితం సగం దూరం. పొరపాటు కూడా అదే పాళ్లలో తగ్గుతుందా అంటే అదీ లేదు. మొదట గబగబా తగ్గి, తర్వాత నగెట్ దగ్గర, అంటే పరికరం తప్పు, చుట్టుపక్కల చెట్టూ గోడా తెచ్చే తేడా దగ్గర ఆగిపోతుంది. మైదానంలో రోజువారీ గరిష్ఠ ఉష్ణోగ్రతకు ఈ ఆగిపోవడం తొందరగానే వస్తుంది. కరీంనగర్ చుట్టూ ఇంకో ఇరవై పెడితే పటం అందంగా ఉంటుంది, పెద్దగా మారదు.

కొండల్లో కథ వేరు. మళ్లీ లంబసింగికి వెళ్దాం.

ఊరు సముద్రమట్టానికి సుమారు మూడు వేల అడుగుల ఎత్తున ఉంది. విశాఖలో తెల్లవారుజామున 18 డిగ్రీలు అనుకోండి. ఎత్తు సంగతి ఎరగని సూత్రం లంబసింగికీ 18కి అటూఇటూగా ఏదో చెబుతుంది. కిలోమీటరు పైకెళ్తే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న పాఠ్యపుస్తకం లెక్క కలిపితే పన్నెండు చిల్లర వస్తుంది. ఆ ఉదయం అక్కడ గడ్డి మీద మంచు పేరుకుని ఉండవచ్చు; పక్కనున్న చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రం అయిదు డిగ్రీలలోపు అంకె చెబుతూ ఉండవచ్చు. ఏడెనిమిది డిగ్రీల పొరపాటు ఎక్కడనుంచి వచ్చింది? ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న రాత్రి నేల వేడంతా పైకి వదిలేసి చల్లబడుతుంది. నేలను తాకిన గాలి చల్లబడి బరువెక్కి, వాలుల మీదుగా నీళ్లలాగే కిందికి జారి లోయ అడుగున చెరువులా నిలుస్తుంది. అప్పుడు లోయలో చలి, దాని పక్క కొండ భుజం మీద దానికన్నా వెచ్చన. పైకెళ్తే చల్లన అన్న నియమం అక్కడ తలకిందులైంది. లోయలోని కేంద్రం ఒక్కటే ఉంటే సూత్రానికి అది పర్వతమంతా అంత చలిగా ఉన్నట్టు అర్థమవుతుంది. కొండ మీది కేంద్రం ఒక్కటే ఉంటే లోయలోని గడ్డకట్టే చలి పటం మీద ఉండదు. రెండూ ఉంటే, వాటి మధ్య దూరం అయిదు కిలోమీటర్లే అయినా, సూత్రానికి మొదటిసారి ఆ నేల ఆకారం తెలుస్తుంది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ఇలాంటి పరీక్షకు పెట్టింది పేరు. పెద్ద ప్రాంతం, కొండలు, కేంద్రాలు ఒకచోట గుంపుగా, ఒకచోట పలచగా. స్టాల్ బృందం 2006లో అక్కడ పన్నెండు పద్ధతులను పోల్చింది. కేంద్రాలు ఎక్కువున్న సంవత్సరాల్లో పొరపాట్లు తక్కువ, అది అనుకున్నదే. స్థానిక కేంద్రాలనుంచే ఎత్తు-ఉష్ణోగ్రత సంబంధాన్ని పట్టుకునే పద్ధతులు ఎత్తైన చోట్ల తగినన్ని కేంద్రాలున్నప్పుడు రాణించాయి, లేనప్పుడు తడబడ్డాయి. మొత్తం ఎన్ని అన్నదానికి, ఎత్తున ఎన్ని అన్నదానికి మధ్య తేడా అక్కడ స్పష్టంగా తేలింది. అమెరికాలో ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టఫర్ డేలీ 1994నుంచి పెంచుకొచ్చిన ప్రిజమ్ అనే విధానం దీన్ని ఇంకో దారిలో ఎదుర్కొంది. కేంద్రాల బరువులను దూరాన్ని బట్టే కాక, వాలు ఏ దిక్కుకు చూస్తోంది, సముద్రం ఎంత దగ్గర, చలి నిలిచే పొరకు కిందా పైనా అన్నదాన్ని బట్టి కూడా ఇస్తుంది. ఓ అనుభవజ్ఞుడైన వాతావరణ నిపుణుడు చేత్తో పటం గీసేటప్పుడు మనసులో చేసే లెక్కను యంత్రానికి నేర్పినట్టు. కొలతలు తక్కువైన చోట నేల గురించిన జ్ఞానం అప్పు ఇస్తుందన్నమాట. అప్పు అప్పే, కొలత కాదు.

పగలూ రాత్రీ తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. మధ్యాహ్నం ఎండకు గాలి కిందామీదా కలిసిపోతుంది కాబట్టి గరిష్ఠ ఉష్ణోగ్రత చాలా దూరం వరకు ఒకేలా ఉంటుంది. రాత్రి గాలి పొరలు పొరలుగా విడిపోయి ఎక్కడి చలి అక్కడే ఉంటుంది. హైదరాబాద్ శీతాకాలపు ఉదయాలు చూడండి. హెచ్‌సీయూ ప్రాంగణంలోనో పటాన్‌చెరులోనో వణికించే చలి, నగరం నడిమధ్యన దానికన్నా ఎన్నో డిగ్రీలు వెచ్చన. సిమెంటు రాత్రంతా వేడి వదులుతూనే ఉంటుంది. బేగంపేట అంకె ఒక్కటే ‘హైదరాబాద్ ఉష్ణోగ్రత’ అయిన రోజుల్లో ఈ తేడా పేపర్లో లేదు. కాబట్టి గరిష్ఠానికి చాలిన కేంద్రాలు కనిష్ఠానికి చాలవు. నెల సగటుకు చాలినవి ఒక్కరోజుకు చాలవు. సముద్రతీరంలో ఇంకో చిక్కు: తీరం వెంబడి కళింగపట్నంనుంచి విశాఖ వరకు పోలిక ఉంటుంది, తీరానికి అడ్డంగా ముప్ఫై నలభై కిలోమీటర్లు లోపలికి పోతే సముద్రపు గాలి అంతగా అందదు. అన్ని దిక్కులకూ ఒకే దూరం లెక్కగట్టే సూత్రం ఈ సంగతి పట్టించుకోదు. తీరప్రాంతపు కేంద్రాలన్నీ రేవుపట్టణాల్లో ఉంటే పట్టించుకునే దారీ ఉండదు.

పలచని కేంద్రాల మరో దోషం అంతగా కళ్లకు కనబడదు. నీనికె హోఫ్‌స్ట్రా, మార్క్ న్యూ, కేరొల్ మెక్‌స్వీనీ 2010లో యూరప్ దత్తాంశం మీద చూపించినది అదే: గడిలోకి వచ్చే కేంద్రాలు తగ్గేకొద్దీ పూడిక అంకెలు నునుపెక్కుతాయి. సగటు బాగానే ఉంటుంది; కొసలు, అంటే మరీ వేడిరోజులు, మరీ చలిరోజులు, అరిగిపోతాయి. ఎందుకంటే పూడిక ఎప్పుడూ ఒక రకం సగటే, సగటుకు విపరీతాలు అక్కర్లేదు. వడదెబ్బకు మనుషులు చచ్చేది సగటు రోజున కాదు. రెంటచింతల అంకెను చుట్టుపక్కలవాటితో కలిపి సగటు తీస్తే పల్నాడు వేసవికి కాస్త నీడ దొరికినట్టు కనిపిస్తుంది, పటంలో మాత్రమే.

మరి కేంద్రాలు పెంచితే సరిపోతుందా? 2024 మే 29న ఢిల్లీ శివారు ముంగేష్‌పూర్ ఆటోమేటిక్ స్టేషన్ 52.9 డిగ్రీలు చూపింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. అదే రోజు సఫ్దర్‌జంగ్‌లో 46.8. తర్వాత వాతావరణ శాఖ ప్రామాణిక పరికరంతో పోల్చి, ఆ సెన్సర్ సుమారు మూడు డిగ్రీలు ఎక్కువ చూపుతోందని తేల్చింది. ఇందులో రెండు పాఠాలున్నాయి, ఒకటి ఇంకొకదానికి ఎదురు. కొత్త కేంద్రాలతో పాటు కొత్త తప్పులూ పటంలోకి వస్తాయి. అయితే ఆ తప్పు అంత త్వరగా దొరికింది కూడా చుట్టూ వేరే కేంద్రాలు ఉన్నందువల్లే. ఒంటరి కేంద్రం అబద్ధమాడితే పట్టుకునేవాడు లేడు. ప్రపంచ వాతావరణ సంస్థ కేంద్రాల స్థలాలను అయిదు తరగతులుగా విభజిస్తుంది. మొదటి తరగతి చదునైన, గడ్డి ఉన్న బయలు. అయిదో తరగతిలో చోటు వల్లే అయిదు డిగ్రీల వరకు తేడా రావచ్చని ఆ సంస్థే చెబుతుంది. అలాంటివి వంద పెట్టడంకన్నా మొదటి తరగతివి ఇరవై మేలు అనే వాదం ఒకప్పుడు గట్టిగా వినిపించేది. దానికి సాక్ష్యంగా అమెరికాలోని ఓక్లహోమాను చూపేవారు. ఆంధ్రప్రదేశ్‌కన్నా కాస్త పెద్ద రాష్ట్రం అది, 1,81,000 చదరపు కిలోమీటర్లు. 1994నుంచి అక్కడ మెసోనెట్ పేరుతో నడుస్తున్నవి దాదాపు 120 కేంద్రాలే, 77 కౌంటీల్లో ఒక్కోదానిలో కనీసం ఒకటి. స్థలం ఎంపికలో, నిర్వహణలో రాజీ లేదు. దాని దత్తాంశం మీద బోలెడన్ని పరిశోధనలు వచ్చాయి.

నార్వే ఆ వాదాన్ని కొంత తలకిందులు చేసింది. జనం ఇళ్ల పెరట్లో, బాల్కనీల్లో పెట్టుకున్న నెటాట్మో అనే చవక పరికరాల అంకెలను ఆ దేశపు వాతావరణ సంస్థ 2018నుంచి తన అధికారిక అంచనాలోకే తీసుకుంటోంది. ఎండలో పెట్టినవి, గోడకు ఆనించినవి, ఇంట్లోనే మర్చిపోయినవి, అన్నీ అందులో ఉంటాయి. ప్రతి దాన్నీ పొరుగువాళ్లతో పోల్చి, పొసగనివాటిని ఏరిపారేస్తారు. మిగిలినవి ఉష్ణోగ్రత అంచనాను నిజంగానే మెరుగుపరిచాయి. సంఖ్య నాణ్యతకు కొంతవరకు బదులు పనిచేస్తుంది, జల్లెడ గట్టిదైతే. అయితే ఈ పరికరాలు కొనుక్కునేవాళ్లు ఎక్కడుంటారు? పట్టణాల్లో. మన్యం లాంటి చోట కొనేవాడే లేడు. ఏ మూల కొలత అవసరమో ఆ మూలే ఖాళీ.

ఇప్పుడు గళ్ల పరిమాణం గురించి నా ఫిర్యాదు. వరల్డ్‌క్లిమ్ అనే ప్రసిద్ధ పటంలో గడి ఒక కిలోమీటరు. 2017 నాటి రెండో రూపంలో కేంద్రాలు, అంశాన్ని బట్టి, తొమ్మిది వేలనుంచి అరవై వేల వరకు. అంటార్కిటికా వదిలేసినా భూమి మీద అలాంటి గళ్లు పదమూడు కోట్లకు పైనే. ఎంత ఉదారంగా లెక్కేసినా రెండు వేల గళ్లకు ఒక కొలత. మిగతావన్నీ సూత్రం రాసినవి. దీన్ని తయారుచేసినవాళ్లు ఏమీ దాచలేదు. కేంద్రాల పటం కూడా ఇచ్చారు. కానీ ఎవరో విద్యార్థి ఆ పటాన్ని దించుకుని తన మండలం అంకె తీసుకుని, అక్కడ ఎవరో కొలిచినట్టే వ్యాసం రాస్తాడు. గడి చిన్నదైతే సమాచారం ఎక్కువని కన్ను నమ్మేస్తుంది. ఉపగ్రహం ఉందిగా అంటారు. మోడిస్ అనే ఉపగ్రహ పరికరం కిలోమీటరు గడికి వేడి చెబుతుంది, నిజమే, అయితే అది నేల తోలు వేడి. మే నెల మధ్యాహ్నం దున్నిన రేగడి నేల, దాని మీద మనిషి ఎత్తున గాలి, ఒకే ఉష్ణోగ్రతలో ఉండవు. తేడా పది డిగ్రీలు దాటవచ్చు. పైగా వానాకాలమంతా మబ్బులే. ఉపగ్రహాన్ని సరిచూడటానికి మళ్లీ కింద థర్మామీటరే కావాలి.

పొరపాటును కొలిచే పద్ధతిలోనూ ఓ గమ్మత్తు ఉంది. ఒక్కో కేంద్రాన్ని దాచిపెట్టి, మిగతావాటితో దాని అంకెను ఊహించి, తేడా చూస్తారు. సబబైన పరీక్షే. కానీ పరీక్షకు వచ్చేది కేంద్రం ఉన్నచోటే, కేంద్రాలు ఉండేది ఊళ్లలో, విమానాశ్రయాల్లో, రోడ్డు పక్కన. బడికి వచ్చినవాళ్లకే పరీక్ష పెట్టి ఊరంతా పాసయ్యిందన్నట్టు. ఈమధ్య రాండమ్ ఫారెస్ట్ వంటి యంత్రాభ్యాస పద్ధతులు అర డిగ్రీలోపు పొరపాటంటూ వస్తున్న ఫలితాల్లో కొన్నిటికి మూలం ఇదే. గుంపుగా ఉన్న కేంద్రాల్లో ఒకటి దాచితే పక్కవాడు జవాబు చెప్పేస్తాడు. ఓ ప్రాంతం ప్రాంతాన్నే దాచి చూస్తే అంకె పెరుగుతుంది.

కేంద్రాలు కాలంతో పాటు మారడం ఇంకో బెడద. ఎత్తున ఉన్న ఓ చల్లని కేంద్రం మూతపడితే, అసలు అంకెలతో చేసిన ప్రాంతీయ సగటు ఆ ఏడు అమాంతం వేడెక్కుతుంది. విల్మట్, రోబ్సన్, ఫెడెమా 1991లోనే ఈ ప్రమాదం చూపించారు. తొలగింపులతో పనిచేస్తే చాలావరకు తప్పుతుంది. అయినా ఖాళీ ఖాళీయే. భూగోళంలో సుమారు 84 శాతాన్ని మాత్రమే కప్పిన బ్రిటిష్ దత్తాంశాన్ని కెవిన్ కౌటాన్, రాబర్ట్ వే క్రిగింగ్‌తో, ఉపగ్రహ సమాచారంతో పూడ్చి 2014లో ప్రచురించారు. కేంద్రాలు దాదాపు లేని ఆర్కిటిక్ అందరికన్నా వేగంగా వేడెక్కుతోంది కాబట్టి, ఖాళీ వదిలేయడమే వేడిని తక్కువ చూపిందని తేలింది. పూడ్చడం ఇష్టంలేక ఖాళీ వదిలినా అదీ ఒక పూడికే. అక్కడా మిగతా లోకపు సగటే ఉందని ఊహించడం.

మన దగ్గర ఈ చర్చకు డబ్బు సంబంధం పంట బీమాతో వచ్చింది. వాతావరణాధారిత బీమాలో పొలంలో ఏం జరిగిందని ఎవరూ చూడరు. ఆ పొలానికి కేటాయించిన కేంద్రం ఏమందో చూస్తారు. కేంద్రం చల్లగా ఉందంటే మిర్చి రైతు పూత వేడికి రాలినా పరిహారం లేదు. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన విండ్స్ పథకం మండల స్థాయిలో వెదర్ స్టేషన్లు, పంచాయతీ స్థాయిలో వానమానులు పెట్టాలంటుంది. వానకు పంచాయతీ, ఉష్ణోగ్రతకు మండలం అన్న ఆ విభజన శాస్త్రం ప్రకారం సబబే. మండలానికి ఒకటి అన్న సమానత్వంతోనే నాకు పేచీ. కోనసీమలో పక్కపక్క మండలాల రెండు కేంద్రాలు ఇంచుమించు ఒకే మాట చెబుతాయి. పాడేరు ఏజెన్సీలో ఒకే మండలంలో లోయ అడుగు, కొండ భుజం రెండు వేరే దేశాలు.

కొత్త కేంద్రం ఎక్కడ పెట్టాలో ముందే లెక్కగట్టవచ్చని గాండిన్ 1970లో ప్రపంచ వాతావరణ సంస్థ కోసం రాసిన పుస్తకంలో చెప్పాడు. క్రిగింగ్ తన పొరపాటు అంచనాను కేంద్రాల అమరికనుంచే లాగుతుంది, కొలతలు ఇంకా రాకముందే. అంటే కాగితం మీద ఓ చుక్క పెట్టి, అది ఎంత అనుమానం తగ్గిస్తుందో చూసి, తర్వాతే గొయ్యి తవ్వవచ్చు. ఆచరణలో చుక్క పడేది మరోచోట: మండలాఫీసు డాబా మీద. అక్కడ కరెంటుంది, కాపలా ఉంది, సెల్‌ఫోన్ సిగ్నలుంది, కోతులు వచ్చినా చూసేవాళ్లున్నారు. కింద సిమెంటు శ్లాబు మధ్యాహ్నం మూడింటికి కాలుతూ ఉంటుంది.